"మంచి గేమ్ ఒకటి చెప్పు" అన్నవాళ్ళకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఎవరైనా ఇలా అడగ్గానే మనం చేసే పని ఒకటే. మనకి నచ్చిన పది గేమ్‌ల పేర్లు గబగబా టైప్ చేసి పంపించేస్తాం. అవతలి మనిషి "థాంక్స్" అంటాడు, ఒక్కటీ ఆడడు. పది పేర్లలో ఏది ముందు మొదలుపెట్టాలో తేల్చుకోవడం కూడా ఒక పనే, ఆ పని తప్పించుకుందామనే కదా మనల్ని అడిగింది. కాబట్టి ఒక్క పేరే చెప్పాలి. ఆ గేమ్‌లో మొదటి గంట గట్టెక్కే దారి కూడా చెప్పాలి.

1. "ఏ టైపు గేమ్‌లు ఇష్టం?" అని అడక్కండి

ఈ ప్రశ్నకి యాక్షన్ అనో, స్టోరీ గేమ్స్ అనో జవాబు వస్తుంది. దాంతో మీకు తెలిసేది ఏమీ లేదు. ఈ మూడు అడగండి: చివరిసారి పూర్తిగా ఆడి ముగించిన గేమ్ ఏది? సగంలో వదిలేసిన గేమ్ ఏది? దాన్ని ఎక్కడ వదిలేశారు?

మూడో ప్రశ్నే అసలైనది. "బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) దగ్గర ముప్ఫైసార్లు చచ్చి వదిలేశా" అనేవాళ్ళు వేరు, "ఎక్కడికెళ్ళాలో తెలియక వదిలేశా" అనేవాళ్ళు వేరు, "నెల గ్యాప్ వచ్చింది, తిరిగి తెరిస్తే ఏ బటన్ దేనికో గుర్తులేదు" అనేవాళ్ళు వేరు. మొదటివాళ్ళకి డిఫికల్టీ తగ్గించుకునే వీలున్న గేమ్ కావాలి. రెండోవాళ్ళకి దారి చూపించే గేమ్ కావాలి. మూడోవాళ్ళకి ముప్పై నిమిషాల్లో ఒక విడత ముగిసిపోయేది కావాలి.

మనవాళ్ళలో చాలామంది ఇంటర్నెట్ సెంటర్ల కాలం నాటి గేమ్‌లే చెప్తారు: వైస్ సిటీ, ఐజీఐ, మోస్ట్ వాంటెడ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. పాతవని కొట్టిపారేయకండి, వాటిలోనే ఆ మనిషి అభిరుచి ఉంది. అయితే ఇంకో అడుగు లోపలికి వెళ్ళి అడగాలి. వైస్ సిటీ (2002)లో మిషన్లు చేశారా, లేక చీట్ కోడ్ కొట్టి ట్యాంకు వేసుకుని ఊరంతా తిరిగారా? మిషన్లు చేసినవాళ్ళకి స్లీపింగ్ డాగ్స్ (2012) చెప్పండి: హాంగ్‌కాంగ్‌లో ముఠాలోకి దూరిన పోలీసు కథ. ట్యాంకు బ్యాచ్‌కి ఆ కథంతా అడ్డమే. వాళ్ళకి జస్ట్ కాజ్ 3 (2015) చాలు, తాడు విసిరి, పారాచూట్‌లో తేలుతూ కనబడిందల్లా పేల్చేయవచ్చు.

మోస్ట్ వాంటెడ్ (2005) విషయంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. కార్ల గేమ్ కదా అని ఫోర్జా హొరైజన్ 5 చెప్పేస్తారు. గేమ్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ అందులో పోలీసులే ఉండరు. వెనక సైరన్ మోగుతుంటే గుండె దడదడలాడడం నచ్చినవాడికి నీడ్ ఫర్ స్పీడ్ హీట్ (2019) కరెక్టు: రాత్రిపూట రేసుల్లో పోలీసులు వదలరు. ఐజీఐ (2000) ఇష్టపడినవాళ్ళని "తుపాకీ కాల్చడం నచ్చిందా, కొండెక్కి స్నైపర్‌లోంచి క్యాంపంతా చూసి ప్లాన్ వేసుకోవడం నచ్చిందా?" అని అడగండి. రెండోదైతే స్నైపర్ ఎలీట్ 4 (2017). మిషన్ మధ్యలో సేవ్ లేని ఐజీఐని ముగించిన మనిషికి ఓపిక గురించి మీరు చెప్పక్కర్లేదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా అభిమానికి ది లాస్ట్ క్రౌన్ (2024) చెప్పొచ్చు, కానీ ఇది పక్కనుంచి చూస్తూ ఆడేదని ముందే చెప్పాలి. ఆ సంగతి దాచి చెప్తే తెరిచిన పది నిమిషాల్లో మూసేస్తారు. పేరు ఒకటే అయినంత మాత్రాన పాత గేమ్‌లా ఉంటుందని కాదు.

2. మెషీన్, డేటా, టైమ్, ఇంగ్లీషు

ఇవి తెలియకుండా పేరు చెప్పకండి.

మెషీన్: "మంచి లాప్‌టాప్" అంటే కుదరదు. గ్రాఫిక్స్ కార్డ్ విడిగా ఉందా, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజ్) ఉందా అని అడగండి. ఎస్‌ఎస్‌డీ సంగతి చాలామంది మర్చిపోతారు. బాల్డర్స్ గేట్ 3కి అది తప్పనిసరని అవసరాల జాబితాలోనే రాసి ఉంటుంది, సైబర్‌పంక్ 2077కి కూడా 2023 నుంచి అంతే. మామూలు హార్డ్ డిస్క్‌లో ఇలాంటివి మొదలైనా, కొత్త చోటికి వెళ్ళినప్పుడల్లా గోడలూ మనుషులూ ఆలస్యంగా ప్రత్యక్షమవుతారు. ఆడేవాడు గేమే చెడ్డదనుకుంటాడు. కార్డ్ లేని ఆఫీసు లాప్‌టాప్‌కి స్టార్‌డ్యూ వ్యాలీ (2016), సెలెస్టే (2018), హాలో నైట్ (2017) లాంటివి సరిపోతాయి. ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ వాలరెంట్ చెప్తుంటే, విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగ్‌లు ఆన్ అయి ఉన్నాయో లేదో చూసుకోమనండి. లేకపోతే డౌన్‌లోడ్ అంతా అయ్యాక గేమ్ తెరుచుకోదు.

డేటా: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి 150 జీబీ కావాలి. ఇంట్లో ఫైబర్ లేకుండా ఫోన్ హాట్‌స్పాట్‌తో రోజుకి 2 జీబీ వాడుకునే కుర్రాడికి అది 75 రోజుల డౌన్‌లోడ్. హాస్టల్లో ఉండేవాళ్ళకి ఒక పూటలో దిగే గేమ్ చెప్పడమే మర్యాద.

టైమ్: వారానికి ఎన్ని గంటలు అన్నదానికంటే, ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు కుదురుతుందన్నది ముఖ్యం. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళకి ఎల్డెన్ రింగ్ చెప్పకండి, అందులో మామూలుగా పాజ్ చేసే బటనే లేదు. ఆన్‌లైన్ టీమ్ గేమ్‌లూ అంతే, మధ్యలో లేస్తే నలుగురు తిడతారు. స్టార్‌డ్యూలో ఒక రోజు మన లెక్కలో సుమారు 14 నిమిషాలు, కానీ కంప్యూటర్‌లో పాత్ర నిద్రపోతేనే సేవ్ అవుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే మధ్యాహ్నం దాకా పొలం పని చేసి, అలాగే ఆపేసి, తిరిగి వచ్చి చూసేసరికి చేసిందంతా పోయి ఉంటుంది.

ఇంగ్లీషు: అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అడక్కపోతే మాత్రం సలహా వృథా అవుతుంది. డిస్కో ఎలీసియం (2019) గొప్ప గేమే, కానీ అందులో చదవాల్సింది సుమారు పది లక్షల మాటలు. అవీ మామూలు ఇంగ్లీషులో ఉండవు. ఇంగ్లీషు చదవడం ఇబ్బందనుకునేవాళ్ళకి మాటే లేని గేమ్‌లు ఉన్నాయి: లింబో (2010), ఇన్‌సైడ్ (2016), గ్రిస్ (2018), జర్నీ (2012). మొదటి రెండూ చిన్నపిల్లలకి వద్దు. అందులో కుర్రాడు చచ్చే తీరు చూడలేం.

ఇంకోటి, తల తిరగడం. పాత్ర కళ్ళలోంచి చూసే గేమ్‌లు ఇరవై నిమిషాలు ఆడగానే కొందరికి వికారంగా ఉంటుంది. వాళ్ళకి పోర్టల్ (2007) చెప్పేముందు ఆలోచించండి. చెప్పక తప్పదనుకుంటే సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం) ఆపి, వీలుంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ (ఒకేసారి కనిపించే వెడల్పు) పెంచి, గదిలో లైటు వేసుకుని కాస్త దూరంగా కూర్చోమనండి. అప్పటికీ తగ్గకపోతే పైనుంచో పక్కనుంచో చూసే గేమ్‌లే గతి, హేడిస్ అలాంటిదే.

3. ఒక్కటి ఎంచుకోండి

ఇంతవరకు వచ్చేసరికి మీ మనసులో ఉన్న జాబితా దానంతటదే మూడు నాలుగుకి తగ్గుతుంది. వాటిలోంచి మీకు బాగా తెలిసినదే తీయండి. వీడియోల్లో చూసిన గేమ్‌ని ఆడినట్టు చెప్పకండి. "రెండో బాస్ దగ్గర ఆగిపోయా, ఏం చేయాలి?" అని మెసేజ్ వచ్చినప్పుడు మీ దగ్గర జవాబు ఉండాలి.

సిరీస్‌లో మొదటి గేమ్‌తోనే మొదలుపెట్టాలన్న పట్టుదల వదిలేయండి. ది విచర్ 3 (2015) ఆడడానికి మొదటి రెండూ ఆడక్కర్లేదు. మొదటిదాని పోరాట పద్ధతి ఇప్పటివాళ్ళకి మింగుడుపడదు, అక్కడే ఆగిపోయి మూడోదాకా రారు.

మన దేశంలో తయారైంది కదా అని మాత్రమే చెప్పడం కూడా సరికాదు. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ చేసిన రాజీ (2020) చూడ్డానికి ఎంతో బాగుంటుంది, దుర్గ, విష్ణువు కలిసి కథ చెప్తుంటారు. పోరాటాలు మాత్రం కాసేపటికి ఒకేలా అనిపిస్తాయి. ఒకటి రెండు సాయంత్రాలకి సరిపోయే గేమ్‌గా చెప్పండి, గాడ్ ఆఫ్ వార్‌తో పోల్చి చెప్పారో దాన్ని మీరే చంపేసినట్టు.

ఫోన్లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఒక్కటే ఆడేవాళ్ళని వేరే గేమ్‌లోకి తీసుకురావడం కష్టమని అందరూ అంటారు. వాళ్ళలో చాలామంది ఆడేది గేమ్ కోసం కాదు, స్క్వాడ్ కోసం. రాత్రి పదింటికి ఆ నలుగురూ కలవడమే వాళ్ళకి ముఖ్యం. ఒక్కడే కూర్చుని ఆడే నలభై గంటల స్టోరీ గేమ్ చెప్పి లాభం లేదు. స్క్వాడ్ లేని వేళల్లో, బస్సులోనో లంచ్ టైమ్‌లోనో ఆడుకునేది చెప్పండి. వాంపైర్ సర్వైవర్స్ ఫోన్లో ఉచితం, ఒక్క వేలితో ఆడొచ్చు, మొదటి స్టేజీ ముప్పై నిమిషాలకి ముగుస్తుంది. యాడ్‌లు మనం కావాలంటేనే వస్తాయి.

4. చెప్పే తీరు

"అదిరిపోద్ది, ఆడి చూడు" అంటే సలహా కాదు. మెసేజ్‌లో నాలుగు సంగతులు ఉండాలి: నీకే ఎందుకు చెప్తున్నాను, ఆడుతూ చేసే పని ఏమిటి, నచ్చకపోయే అవకాశం ఉన్నది ఏమిటి, ఎంతవరకు ఆడి చూడాలి. ఉదాహరణకి ఇలా:

"అన్నా, స్లీపింగ్ డాగ్స్ ఆడి చూడు. వైస్ సిటీలో నువ్వు మిషన్లన్నీ చేశానన్నావు కదా, ఇదీ ఊళ్ళో తిరుగుతూ మిషన్లు చేసేదే. మొదట్లో తుపాకులు దాదాపు ఉండవు, అంతా చేతులతో కొట్లాటే. ఎదుటివాడు ఎర్రగా మెరిసినప్పుడు కౌంటర్ బటన్ నొక్కాలి, అది చేతికి అలవాటయ్యేదాకా దెబ్బలు తింటావు. డ్రైవింగ్ మరీ గొప్పగా ఉండదు. గంటన్నర ఆడు, కొట్లాట నచ్చకపోతే వదిలెయ్."

లోపం చెప్పడానికి భయపడకండి. ముందే విన్న లోపాన్ని ఆడేవాళ్ళు సర్దుకుపోతారు, వినని లోపం ఎదురైతే మోసపోయామనుకుంటారు.

పేరు మాత్రం పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఔటర్ వైల్డ్స్, ది ఔటర్ వరల్డ్స్ రెండూ 2019లోనే వచ్చాయి, రెండూ అంతరిక్షం గేమ్‌లే, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. నోటిమాటగా చెప్తే ఒకటి కొనబోయి ఇంకోటి కొంటారు. స్టోర్ పేజీ లింకు పంపితే ఈ గొడవే ఉండదు.

5. మొదటి గంటకి దారి చూపించండి

సలహాలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన టైమ్ 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. లాంచర్ (గేమ్ కంటే ముందు తెరుచుకునే విండో) తెరిచి ఉంచిన సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది. అంటే మీరు చెప్పిన గేమ్ అసలు రుచి రెండు గంటల్లోపు తగలాలి. తగలదని తెలిస్తే ముందే చెప్పాలి. రెడ్ డెడ్ 2 ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి అధ్యాయమంతా మంచులో గుర్రం మీద నెమ్మదిగా సాగుతుంది, అది దాటేసరికే ఆ రెండు గంటలు అయిపోతాయి. "మంచు కరిగేదాకా ఓపిక పట్టు, అసలు గేమ్ ఆ తర్వాతే" అన్న మాట ముందు చెప్పకపోతే చాలామంది అక్కడే దిగిపోతారు.

ఒక్కో గేమ్‌కి మొదటి గంటలో తెలియాల్సినవి రెండు మూడే ఉంటాయి, మచ్చుకి ఇవి.

హాలో నైట్: మ్యాప్ ఉచితంగా రాదు. కింద ఫర్‌గాటెన్ క్రాస్‌రోడ్స్‌లో నేలమీద కాగితాలు పడి ఉంటాయి, ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ దిక్కుగా వెళ్తే కార్నిఫర్ ఉంటాడు, మ్యాప్ అమ్ముతాడు. తర్వాత పైన ఊళ్ళో అతని భార్య ఐసెల్డా కొట్లో క్విల్ (120 జియో), కంపాస్ (220 జియో) కొనాలి, జియో అంటే ఆ గేమ్‌లో డబ్బు. క్విల్ లేకపోతే తిరిగిన చోట్లు మ్యాప్‌లో చేరవు, కంపాస్ పెట్టుకోకపోతే మీరెక్కడున్నారో చూపించదు. "ఎక్కడికెళ్ళాలో తెలియలేదు" అని ఈ గేమ్ వదిలేసినవాళ్ళలో చాలామంది ఈ రెండూ కొననివాళ్ళే.

ఎల్డెన్ రింగ్: మొదట్లో చీకటి గుహలో ఒక గొయ్యి కనిపిస్తుంది, అందులోకి దూకితే ఆట నేర్పుతారు. చచ్చిపోతామేమో అని దూకకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఎందరో. బయటికి రాగానే బంగారు కవచంతో గుర్రం మీద తిరిగేవాడు కనిపిస్తాడు, వాడి జోలికి వెళ్ళొద్దు, చుట్టూ తిరిగి పక్కనుంచి పోవాలి. కోట ముందున్న మార్గిట్ దగ్గర ఓడిపోతుంటే అక్కడే మొండిగా కూర్చోకుండా దక్షిణాన వీపింగ్ పెనిన్సులాకి వెళ్ళి బలం పెంచుకుని రావాలి. మొదట్లో లెవెల్ పాయింట్లు విగర్‌లో (ప్రాణశక్తి) పెట్టుకోమని చెప్పండి. కీబోర్డ్‌తో ఆడతానంటే ఒకసారి వారించి చూడండి.

స్టార్‌డ్యూ: చేపలు పట్టడం మొదట్లో అసలు రాదు, అది ఆడేవాళ్ళ తప్పు కాదు. విల్లీ కొట్లో 25 బంగారు నాణేలకి ట్రెయినింగ్ రాడ్ దొరుకుతుంది, దాంతో తేలిక. గని అయిదో రోజు గానీ తెరుచుకోదు. ఒంట్లో శక్తి అయిపోతుంటే ఆ రోజుకి చెట్లు కొట్టడం ఆపేయాలి.

డిఫికల్టీ తగ్గించుకోవడం గురించి మొహమాటం లేకుండా చెప్పండి. హేడిస్‌లో గాడ్ మోడ్ ఆన్ చేస్తే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం చొప్పున 80 శాతం దాకా వెళ్తుంది. కథలో ఏదీ తగ్గదు. సెలెస్టే అసిస్ట్ మోడ్‌లో ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు. "అలా ఆడితే ఆడినట్టు కాదు" అనేవాళ్ళని పట్టించుకోకండి, వాళ్ళ మాట విని ఎంతమంది గేమ్‌లు వదిలేశారో లెక్కలేదు.

6. ఏం చెప్పకూడదో

కథలో మలుపు చెప్పకూడదని అందరికీ తెలుసు. "చివర్లో ఒక ట్విస్ట్ ఉంటుంది చూడు" అనడం కూడా స్పాయిలరే. ఆ మాట విన్నవాడు ప్రతి పాత్రనీ అనుమానిస్తూ ఆడతాడు. ఔటర్ వైల్డ్స్, రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) లాంటివాటికి ఇంకా జాగ్రత్త కావాలి. వాటిలో పెరిగేది మన పాత్ర బలం కాదు, మనకి తెలిసిన సంగతులే. ఒక్కటి ముందే తెలిసినా ఆ మేరకు ఆట అయిపోయినట్టే. ఔటర్ వైల్డ్స్‌లో ఏం జరుగుతుందో ఇక్కడా రాయడం లేదు. "ఎక్కడికి పోవాలో తోచనప్పుడు ఓడలో ఉన్న లాగ్ చదువు" అన్నంతవరకే చెప్పి ఆగండి.

7. ఇద్దరు కలిసి ఆడేవి అడిగితే

ముందు తేల్చుకోవాల్సింది: ఒకే గదిలోనా, వేర్వేరు ఊళ్ళలోనా? ఇట్ టేక్స్ టూ (2021) ఒక్కరు ఆడడానికి వీల్లేదు, ఇద్దరు ఉండాల్సిందే. వేర్వేరు చోట్ల ఉంటే ఒకరు కొంటే చాలు, రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్ డౌన్‌లోడ్ చేసుకుని ఉచితంగా చేరొచ్చు. ఇది తెలియక రెండు కాపీలు కొనేవాళ్ళున్నారు. ఒకే కంప్యూటర్ ముందు కూర్చుంటే కనీసం ఒక కంట్రోలర్ ఉంచుకోండి. జంటలో ఒకరు కొత్తవాళ్ళయితే తెలిసినవాళ్ళు ఎదుటివాళ్ళ కంట్రోలర్ లాక్కోకూడదని కూడా చెప్పండి, గొడవలు అక్కడే మొదలవుతాయి.

ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో ఉంటే షూటింగ్ గేమ్‌లు మర్చిపోండి. పింగ్ (సిగ్నల్ వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటుతుంది, ఒకరికి ఎప్పుడూ అన్యాయమే. సివిలైజేషన్ 6లో ప్లే బై క్లౌడ్ పెట్టుకుంటే ఎవరి వంతు వాళ్ళు వీలున్నప్పుడు ఆడుకోవచ్చు, ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండక్కర్లేదు. కలిసే ఆడాలంటే స్టార్‌డ్యూ ఉంది, కాస్త ఆలస్యమైనా పొలం పనులకి నష్టం లేదు. కాకపోతే ఒకరు నింటెండో స్విచ్‌లో, ఒకరు కంప్యూటర్‌లో ఉంటే అందులో కలిసి ఆడడం కుదరదు. ఏ గేమ్ చెప్పినా ఇద్దరి దగ్గరా ఏమున్నాయో కనుక్కుని, క్రాస్‌ప్లే (వేర్వేరు మెషీన్లలో కలిసి ఆడే వీలు) ఉందో లేదో చూసి చెప్పండి.

8. చెప్పిన తర్వాత

రోజూ "ఆడావా? ఎక్కడిదాకా వచ్చావు?" అని వెంటపడకండి. అలా అడిగితే గేమ్ హోమ్‌వర్క్ అయిపోతుంది. వారం పదిరోజులు ఆగి ఒక్కసారి అడగండి, అదీ రిఫండ్ గడువు 14 రోజులు దాటకముందే. నచ్చలేదంటే వాదించకుండా ఎక్కడ ఆగిందో కనుక్కోండి. అది మొదటి ప్రశ్నల్లో మూడోదానికి కొత్త జవాబు, తర్వాతి గేమ్ ఎంచుకోవడానికి పనికొస్తుంది. డబ్బు పెట్టడానికి వెనకాడుతుంటే స్టీమ్‌లో విష్‌లిస్ట్‌లో పెట్టుకోమనండి, ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. ఎపిక్ స్టోర్‌లో గురువారాలు ఉచితంగా ఇచ్చే గేమ్‌లు తీసుకుంటూ ఉండమనండి. కొన్నాళ్ళకి మీరు చెప్పబోయే గేమ్ వాళ్ళ దగ్గర ముందే ఉండొచ్చు.